మూత లోపల రాసిన బాకీ

కిందటి వారం నర్సమ్మను నా కొట్టు మెట్ల మీద నిలబెట్టి నా దారిన నేను పోయాను. ఆవిడ పెద్ద మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. అలా వారం రోజులు నిలబెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆవిడ లోపలికి వస్తే ఏం మాట్లాడాలో తెలియక అక్కడ ఆపేశాను. ఈ వారం ఇక తప్పదు.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకి సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను వాచీలు బాగుచేస్తాను. మందుల దుకాణానికీ జిరాక్సు కొట్టుకీ మధ్య, రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలే కొట్టు నాది. ఆరేళ్ళ కిందట యజమాని అడ్వాన్సు పెంచి వారం రోజులు గడువిచ్చాడు. అప్పుడే వాచీ సర్వీసింగుకి వచ్చిన నర్సమ్మ నా మొహం చూసి సంగతి రాబట్టి, మూడో రోజున రెండు లక్షలు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను ప్రామిసరీ నోటు రాసిచ్చాను. దాదాపు రెండేళ్ళు వడ్డీ కట్టాను. కట్టినప్పుడల్లా నోటు వెనక రాసి సంతకం పెట్టాను. ఆ తరవాత జనం ఫోనుల్లోనే టైము చూసుకోవడానికి అలవాటు పడ్డారు, నా బల్ల ఖాళీ అయింది, వడ్డీ ఆగిపోయింది.

ఆగిన వడ్డీకి తోడు ఒక ఫైనాన్సు కంపెనీ అప్పు నెత్తికెత్తుకున్నాను. వాళ్ళు ఇచ్చినదానికి రెండింతలు గుంజి, ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, ఇంకా బాకీ ఉందంటూ కొట్టు ముందు కుర్చీ వేయించి ఒక మనిషిని కూర్చోబెట్టారు. అప్పుడు మా బామ్మర్ది రంగంలోకి దిగాడు. మా ఆవిడ తమ్ముడు, ఒక లాయరుగారి దగ్గర గుమాస్తా. ఆ కంపెనీకి లైసెన్సు లేదని, ఆ వడ్డీని ఏ చట్టమూ ఒప్పుకోదని కనిపెట్టి లాయరుగారి చేత నోటీసు ఇప్పించాడు. పది రోజుల్లో కుర్చీతో సహా మనిషి మాయమయ్యాడు. ఆ రోజు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. అయితే అదే కట్టలో, అదే రోజు, నా సంతకంతోనే నర్సమ్మకి కూడా ఒక నోటీసు పోయింది. అదిగో, ఆ కవరు పట్టుకునే ఆవిడ మెట్లెక్కుతోంది.

లోపలికి వచ్చి గిరాకీల స్టూలు మీద కూర్చుంది. కవరు ఒళ్ళో పెట్టుకుంది కానీ విప్పలేదు. ముందు నా మొహంలోకి పరీక్షగా చూసింది. ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా తిరిగిన మనిషి కదా, ఎవరిని చూసినా ముందు ఒంట్లో ఎలా ఉందో చూస్తుంది. కళ్ళు లోపలికి పోయాయని, రాత్రుళ్ళు నిద్రపోతున్నట్టు లేదని అంది. నోటీసు అందుకున్న మనిషి నోటీసు పంపిన మనిషి ఆరోగ్యం గురించి అడుగుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎండ ఎక్కువగా ఉందని ఏదో గొణిగాను. బయట మబ్బు పట్టి ఉంది.

తరవాత ఆవిడ భుజం కింద పిన్నుకి వేలాడుతున్న వాచీని తీసి బల్ల మీద పెట్టింది. నర్సుల వాచీ అది. తలకిందులుగా వేలాడుతుంది. ఎదుటివాళ్ళకి తిరగబడి కనిపిస్తుంది, పెట్టుకున్నవాళ్ళకి మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. ఉద్యోగం మానేసి ఐదేళ్ళయినా ఆవిడ దాన్ని వదలలేదు. రోజుకి పావుగంట వెనకపడుతోందట, చూడమంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. కవరు సంగతి వచ్చేలోగా కాస్త పని దొరికింది కదా. కంటికి లెన్సు పెట్టుకుని, చిన్న కత్తి మొనతో వెనక మూత తీశాను. తీశాక పై ప్రాణాలు పైనే పోయాయి.

మా పనిలో ఒక అలవాటుంది. వాచీ విప్పిన ప్రతి మేస్త్రీ ఏ రోజు విప్పాడో, ఏం చేశాడో మూత లోపలి వైపు సూది మొనతో సన్నగా గీసి, పక్కన తన గుర్తు వేస్తాడు. వాచీ యజమానికి అది కనిపించదు. మళ్ళీ ఎప్పుడో మూత తీసే ఇంకో మేస్త్రీ కోసం అది. నాకు పని నేర్పిన గురువు ఈ విషయంలో మహా కచ్చితం. మూత లోపల అబద్ధం రాసినవాడు వాచీల పనికి పనికిరాడనేవాడు. నా గుర్తు గంటల ముల్లు, దాని మీద చుక్క. కొట్టు బోర్డు మీద కూడా అదే వేయించుకున్నాను.

నర్సమ్మ వాచీ మూతలో నా గుర్తులు ఆరేడు ఉన్నాయి. అన్నిటికన్నా కింద, రెండేళ్ళ కిందటి తేదీతో, నా చేతిరాతే ఇలా ఉంది. సర్వీసింగు డబ్బులు బాకీలో జమ. ఇంకా ఇవ్వాల్సింది రెండు లక్షలు, వడ్డీ. మాట తప్పను. పక్కన ముల్లు, చుక్క.

ఆ రోజు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అప్పటికే రెండేళ్ళుగా వడ్డీ కట్టలేదు. సర్వీసింగు డబ్బులివ్వబోతే వద్దన్నాను. అయితే బాకీలో తగ్గించుకుంటాననేసి ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది. బాకీ గురించి నోరు విప్పి ఒక్క మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడకి చెప్పడానికి సిగ్గేసి, ఆవిడ గడియారానికి చెప్పాను. చెప్పేసి, మూత బిగించి, చెప్పాను కదా అని హాయిగా మరిచిపోయాను. ఇలాంటి తెలివితక్కువ పని వాచీలు బాగుచేసేవాడు తప్ప ఇంకొకడు చెయ్యడు.

నోటీసు రాసేటప్పుడు మా బామ్మర్ది ఒకటికి రెండుసార్లు అడిగాడు. నోటు వెనక ఆఖరి సంతకం పడి నాలుగేళ్ళయింది కాబట్టి ఆ అప్పుకి కాలదోషం పట్టింది, కోర్టులో చెల్లదు. కానీ ఆ మూడేళ్ళ గడువు తీరకముందు, బాకీ ఉన్నానని నీ చేత్తో ఎక్కడైనా రాసి సంతకం పెట్టివుంటే మాత్రం మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. ఉత్తరం కానీ, చీటీ కానీ, ఏదైనా రాశావా బావా అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆ రోజు అది అబద్ధం కాదు. నేను కాగితాల గురించే ఆలోచించాను.

మూత టక్కున మూసేశాను. ఏమైందని అడిగింది నర్సమ్మ. లోపల బాగా మురికి పట్టిందని, కడగాలని చెప్పాను. అది నిజమే. మూత అంచంతా పాత నూనె నల్లగా గడ్డకట్టి ఉంది.

ఆవిడ తలూపి, అప్పుడు కవరు విప్పింది. కాగితాన్ని నాలుగు మడతలూ విప్పి, మడతలు పోయేలా అరచేత్తో రుద్ది, నా వైపు తిప్పి బల్ల మీద పరిచింది. చదువుకున్న మనిషి, నాకన్నా బాగా చదవగలదు. అయినా ఒక మాట దగ్గర వేలు పెట్టింది.

"ఈ మాట నాకు అర్థం కాలేదు మేస్త్రీ. కాలదోషం అంటే ఏమిటి?"

బామ్మర్ది నాకు చెప్పిన పాఠమే ఆవిడకి అప్పజెప్పాను. మూడేళ్ళు, సంతకం, గడువు. చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆవిడ మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా వింది.

"మందులకి గడువుంటుందని నాకు తెలుసు. తేదీ దాటితే పారేస్తాం. అంతేగానీ, ఆ రోగికి మందే ఇవ్వలేదని కేసు షీటులో రాయం కదా."

ఆవిడ వేలు ఇంకో పేరాకి దిగింది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేస్తూ, తమ క్లయింటును పలుమార్లు వేధించి, భయభ్రాంతులకు గురిచేసి, అని ఉంది అక్కడ. ఫైనాన్సు కంపెనీకి రాసిన నోటీసులో పేరూ అంకెలూ మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేశారు. వాళ్ళ మనిషి కుర్చీ వేసుకుని కూర్చున్న పాపం ఈవిడ నెత్తికి చుట్టుకుంది.

"నేనెప్పుడు వేధించాను మేస్త్రీ?"

కోపంగా అడగలేదు. నొప్పి ఎక్కడుందో చెప్పమని రోగిని అడిగినట్టు అడిగింది. కోపంగా అడిగివుంటే నేను కూడా గొంతు పెంచి గట్టెక్కేవాణ్ణి.

నిజానికి ఆవిడ ఒక్కసారి కూడా డబ్బు అడగడానికి నా కొట్టు మెట్లెక్కలేదు. అదీ ఆవిడే చెప్పింది. వడ్డీ ఆగిపోయిన దగ్గర్నుంచీ, ఆవిడ కనబడితే నేను తల దించుకుని లేని పని చేస్తున్నట్టు నటిస్తానని గమనించిందట. నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని మందుల దుకాణానికి వచ్చినా రోడ్డు దాటి అవతలి వైపు నుంచే వెళ్ళిపోయేదట. మోకాళ్ళ నొప్పులతో రెండుసార్లు రోడ్డు దాటడం, ఒకసారి వచ్చేటప్పుడు, ఒకసారి పోయేటప్పుడు.

"అడగలేదు కాబట్టి చచ్చిపోయిందంటున్నారు. వారానికోసారి వచ్చి నలుగురిలో నిన్ను నిలదీసివుంటే బతికుండేదన్నమాట."

కొట్టులో నలభై గడియారాలున్నాయి. వాటి చప్పుడు నాకు ఎప్పుడూ వినపడదు, అలవాటైపోయింది. అప్పుడు మాత్రం ప్రతి ఒక్కటీ విడివిడిగా వినపడింది.

ఇక ఊరుకుంటే బాగుండదని, డబ్బు సంగతి ఆలోచిస్తానని, ఆవిడ దగ్గరున్న నిల్వలో రెండు లక్షలంటే తక్కువేం కాదని తెలుసని, ఏదో పెద్దరికంగా మాట్లాడబోయాను. ఆవిడ చిన్నగా నవ్వింది. నిల్వా అంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ రోజు ఆవిడ దగ్గర రెండు లక్షలు లేవు. ఆస్పత్రి ఉద్యోగుల సొసైటీలో తన పేరున అప్పు తీసుకుని తెచ్చింది. నేను వడ్డీ కట్టినంతకాలం అది తీసుకెళ్ళి అక్కడ కట్టింది. నేను ఆపేశాక తన పింఛనులోంచి కట్టింది. నెలనెలా, ఒక్క నెల తప్పకుండా, అసలుతో సహా.

"నిరుడు తీరిపోయిందిలే. నాకు మాత్రం కాలదోషం సంగతి ఎవరూ చెప్పలేదు."

తల కొట్టేసినట్టయింది. నేను నోటీసిచ్చి వదిలించుకున్న అప్పు, అప్పటికే తీరిపోయిన అప్పు. తీర్చింది నేను కాదు, అంతే తేడా. ఆవిడ ఇల్లు రెండేళ్ళుగా సున్నం లేకుండా ఎందుకుందో, నొప్పికి వేసుకునే మాత్రలు సగం పట్టీ చొప్పున ఎందుకు కొంటోందో ఇప్పుడర్థమైంది. పక్క దుకాణంలో సగం పట్టీ కత్తిరిస్తున్నప్పుడు కత్తెర చప్పుడు నా కొట్టులోకి వినపడేది.

ఆవిడ కాగితం మడిచి కవర్లో పెట్టింది. అక్క కొడుకు ఈ నోటీసు చదివి మండిపడుతున్నాడట, కోర్టుకి పోదామని గొడవట. తన దగ్గర ఆ చచ్చిన నోటు తప్ప ఇంకో కాగితం ముక్క లేదని అతనికి చెప్పిందట. డబ్బు కోసం కూడా తను రాలేదంది. ఒక్క సంగతి తెలుసుకుందామని వచ్చిందట. తెలుసుకుంటే రాత్రి నిద్రపడుతుందట.

"ఇది నీ లాయరు రాసిందని నాకు తెలుసు. నువ్వు సంతకం పెట్టేముందు నా పేరు చూశావా?"

మీరు నా స్థానంలో ఉంటే ఏం చెప్పేవారో నాకు తెలియదు. నేను చెప్పింది ఇది.

"లేదమ్మా. లాయరుగారి గుమాస్తా మా బామ్మర్దే, వాడే కట్ట తెచ్చాడు. చదవకుండా పెట్టేశాను."

ఆవిడ మొహం తేటపడింది. నిజంగానే, మబ్బు విడిపోయినట్టు తేటపడింది. అదే అనుకున్నాను అంది. నువ్వు చూస్తే పెట్టవని మా అక్క కొడుకుతో కూడా చెప్పాను అంది. లేచి నిలబడి, నా భుజం మీద రెండుసార్లు తట్టి, సాయంత్రం ఐదింటికి వస్తాను, వాచీ అవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. ఒక్కొక్క మెట్టూ గోడ పట్టుకుని దిగింది. ఇవాళ రోడ్డు దాటలేదు. నా కొట్టు ముందు నుంచే వెళ్ళింది.

ఇప్పుడు మీకు నిజం చెబుతాను. మీకు కూడా చెప్పకపోతే ఈ కథ రాయడం ఎందుకు.

చూశాను. సంతకం పెట్టేముందు ఆవిడ పేరు చూశాను. మా బామ్మర్ది పనిచేసే లాయరుగారు దేన్నైనా క్షమిస్తాడు కానీ, క్లయింటు చేత చదివించకుండా సంతకం పెట్టించిన గుమాస్తాని ఆ పూటే పంపించేస్తాడు. అందుకని మావాడు ఒక్కో కాగితం తీసి నా ముందు పెట్టి, చదివేదాకా కలం చేతికివ్వలేదు. నర్సమ్మ కాగితం దగ్గర ఆగాడు కూడా. ఈవిడ మన అక్కకి కూడా తెలిసినావిడే కదా బావా, తీసి పక్కన పెట్టనా అని అడిగాడు. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. వేధించి అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. తరవాత, అందరితో పాటే కానియ్ అన్నాను. ఒకళ్ళ మీద గెలిచే ఊపులో ఉన్నాను, ఆ ఊపులో ఇదీ కొట్టుకుపోతే పీడా పోతుందనుకున్నాను. ఇప్పుడు ఆవిడ అడిగేసరికి, ఉన్నపళంగా మావాణ్ణి ముందుకి తోసి నేను వెనక్కి తప్పుకున్నాను.

నాలుగున్నరకి వాడే వచ్చాడు. కొట్టు అద్దె ఒప్పందం కొత్తగా రాసుకోవాలి, శుక్రవారంలోగా యజమానికి కొత్త అడ్వాన్సు కట్టాలి. ఆ కాగితాల మీద సంతకాల కోసం వచ్చాడు. అడ్వాన్సు డబ్బు రెండు లక్షలు బల్ల సొరుగులో కట్ట కట్టి ఉంది. ఫైనాన్సు కంపెనీకి కడదామని మా ఆవిడా నేనూ పైసాపైసా కూడబెట్టింది, ఆ బెడద వదలడంతో మిగిలింది. శుక్రవారం దాటితే ఈ గది జిరాక్సు కొట్టువాడికి పోతుంది. వాడు ఇప్పటికే మధ్యగోడని కళ్ళతో కొలుచుకుంటున్నాడు.

నేను మూత తీసి లెన్సు వాడి చేతికిచ్చాను. వాడు చదివాడు. తలెత్తాడు. మళ్ళీ చదివాడు.

"ఇది ఎవరికైనా చూపించావా?"

లేదన్నాను. వాడు లేచి, వీధి వైపు తలుపు సగం మూసి వచ్చాడు. ఇది గడువు తీరకముందే రాసింది కాబట్టి బాకీ బతికే ఉందని, ఆ గుర్తు నాదని బోర్డే సాక్ష్యం చెబుతుందని, ఇంకో ఏడాదిలోగా కోర్టుకి వెళితే ఆవిడ గెలుస్తుందని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ తరవాత, నా పాలిషు చక్రం వైపు చూశాడు. వాచీల మూతలకి మెరుపు తెచ్చే చిన్న కరెంటు చక్రం అది. రెండు నిమిషాల పని అన్నాడు.

కాదన్నాను. మావాడు చెడ్డవాడు కాదు, అది మీరు గుర్తుపెట్టుకోవాలి. వాడు నా మీద అరవలేదు, ఆవిణ్ణి తిట్టలేదు. ఫైనాన్సువాళ్ళ మీద చట్టం పనికొచ్చినప్పుడు ఎగిరి గంతేశావు, అదే చట్టం ఈవిడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చేదైందని అడిగాడు. చట్టానికి మొహాలు తెలియవు కదా అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం ఉంది. వాళ్ళు నా దగ్గర గుంజుకున్నారు, ఈవిడ నాకు ఇచ్చింది. కానీ ఆ సమాధానం పైకి చెబితే, మరి కాగితం చదివిన రోజు ఆ తేడా తెలియలేదా అని వాడు అడుగుతాడు.

"అక్క మొహం చూడు బావా. కొట్టు పోతే యాభై ఏళ్ళ వయసులో ఎవరి కింద పనికి వెళతావు?"

చక్రం ఆన్ చేశాను. దాచడం ఎందుకు, తుడిచేద్దామనే కూర్చున్నాను. ఈవిడ ఎలాగూ క్షమించేసింది, ఎలాగూ సొసైటీ బాకీ తీరిపోయింది, కొట్టు నిలబడితే నెలకింత అని మెల్లగా ఇచ్చుకోవచ్చు, అప్పుడు ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చినట్టుంటుంది. ఇలాంటివి ఓ పది తయారుచేసుకున్నాను. తప్పు చెయ్యబోయేవాడికి కారణాలకి ఎప్పుడూ కొదవుండదు.

పాలిషుకి ముందు మూతని పెట్రోలుతో తుడవాలి. లేకపోతే పాత నూనె చక్రానికి అంటుకుని పాడవుతుంది. ఎంత దొంగపనైనా చెయ్యి అలవాటు ప్రకారమే చేస్తుంది. గుడ్డ తడిపి అంచు చుట్టూ రుద్దాను. నల్లటి గడ్డ కరిగి గుడ్డకి వచ్చేసింది. మూత అంచున, నా రాతకి ఎదురుగా, ఇంతవరకూ మురికి కింద దాగిన గీతలు బయటపడ్డాయి.

అది మేస్త్రీ చేతిరాత కాదు. అక్షరాలు వంకరగా, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నాయి. సూది కొన జారి రెండుచోట్ల గీరుకుపోయింది. లెన్సు దగ్గరికి జరిపాను.

చదివాను. తొందర లేదు.

అంతే. కింద తేదీ. నేను రాసిన తేదీకి నాలుగు రోజుల తరవాతిది.

అంటే ఆవిడకి తెలుసు. నేను రాసిన నాలుగో రోజునుంచీ తెలుసు. మూత ఎందుకు తీసిందో, ఇంజెక్షను సూదితో రాసిందో మరి దేనితో రాసిందో తెలియదు. నన్ను కోర్టుకి లాగగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని రెండేళ్ళు గుండెల మీద పెట్టుకుని తిరిగి, నోటీసు అందాక కూడా అక్క కొడుక్కి చూపించకుండా, పొద్దున్న తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. పావుగంట వెనకపడుతోందట.

నాకు ఏడుపొచ్చింది. పెట్రోలు కంట్లో పడిందని మావాడికి చెప్పాను. వాడు లెన్సు తీసుకుని చూశాడు.

"తెలిసి కూడా నీ చేతికెందుకిచ్చింది బావా?" అన్నాడు చివరికి. వాడి గొంతులో గుమాస్తా లేడు.

నేను మూతని వాచీకి బిగించబోయాను. అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్న చప్పుడు. నలభై గడియారాల్లో సరిగ్గా నడిచేవన్నీ ఐదు చూపిస్తున్నాయి. సగం మూసిన తలుపు తోసుకుని నర్సమ్మ లోపలికి వచ్చింది. ముందు నా చేతిలోని మూతని చూసింది. తరవాత ఇంకా తిరుగుతూనే ఉన్న చక్రాన్ని చూసింది.

"అయిందా మేస్త్రీ?"

మూతని, రాత పైకి ఉండేలా, ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూడలేదు. వేళ్ళు ముడిచి పట్టుకుంది. బల్ల కింద మా బామ్మర్ది నా పాదం తొక్కాడు. ఏమీ చెప్పొద్దని కావచ్చు, ఏదో ఒకటి చెప్పమని కావచ్చు.

"అమ్మా, పొద్దున్న అబద్ధం చెప్పాను. మీ పేరు చూశాను. రెండుసార్లు చదివే సంతకం పెట్టాను. తీసేస్తానని వీడన్నా నేనే వద్దన్నాను."

చెప్పేశాక కొంచెం తేలికపడతాననుకున్నాను. తిడుతుందని, ఏడుస్తుందని, లేకపోతే మళ్ళీ భుజం తడుతుందని, మూడింటికీ సిద్ధపడ్డాను. ఆవిడ ఆ మూడూ చెయ్యలేదు. స్టూలు మీద నెమ్మదిగా కూలబడింది. నా వైపు కాకుండా నా వెనక నిలబడ్డ మా బామ్మర్ది వైపు చూసింది. ఆ మొహంలో ఉన్నది కోపం కాదు. పొరపాటున ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేసిన నర్సుకి ఎలా ఉంటుందో, బహుశా అలా ఉంది.

"ఆ మాట పొద్దున్నే చెప్పాల్సింది మేస్త్రీ. నీ మాట నమ్మి ఇక్కణ్ణుంచి తిన్నగా మీ లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. మేస్త్రీకి ఏ పాపమూ తెలియదు, గుమాస్తా చదివించకుండా సంతకం పెట్టించాడు అని రాసి, సంతకం పెట్టి ఇచ్చి వస్తున్నాను."

మా బామ్మర్ది జేబులో ఫోను మోగింది. వాడు తీసి చూసుకున్నాడు. మా సారు, అన్నాడు నాతో.